దక్షిణద్వారపు జాడీ

లోకంలో అత్తగార్లు కోడలి వంటకు వంక పెడతారు. గరుడాంబ అంత చిల్లర పనికి ఏనాడూ దిగలేదు. ఆమె వంటను వదిలేసి కుండకు వంక పెట్టేది. కుండ మరీ గుండ్రంగా ఉంటే చేసినవాడి చేతిలో జీవం లేదనేది. ఒక పక్కకు ఒరిగితే వాడి ఒంట్లో బద్ధకం ఉందనేది. ఈలోగా పప్పు మాడితే, ఆ వాసన పీల్చి మట్టి ఏ వాగుదో చెప్పేదాకా కుండ దించనిచ్చేది కాదు.

దీనంతటితో ఆమె కోడలు తరళిక ఎలాగో సర్దుకుపోయింది. సర్దుకోలేనిది ఒక్కటే. "మా కోడలు కాళ్లకు పట్టీలు పెట్టుకోదమ్మా! పెళ్లికి నేను చేయించినవి, వెండివి, తొమ్మిదేసి మువ్వలు. ఏ గంగలో కలిపిందో!" అని మూడేళ్లుగా గరుడాంబ వీధివీధికీ చెప్పుకొచ్చింది. తరళిక ఆ పట్టీలను ఒక్క పూట కూడా తీసింది లేదు. అత్తగారి ముందే ఘల్లుఘల్లుమంటూ తిరిగేది. ఒకసారి ఉండబట్టలేక కుచ్చెళ్లు పైకెత్తి చూపించింది కూడా. గరుడాంబ వంగి చూసి, "ఇప్పుడు పెట్టుకొచ్చావా?" అంది.

అలాంటి అత్తగారితో ఒకే తాటిదోనెలో, శంఖిణి చిత్తడి నడుమ, పొగమంచు పాయలను తప్పించుకుంటూ, మూడు రోజులుగా తరళిక ప్రయాణం చేస్తోంది.

మిట్టమధ్యాహ్నమే. అయినా సూర్యుడు మసిగుడ్డ వెనక పెట్టిన దీపంలా ఉన్నాడు. నీళ్లు సీసం రంగులో కదలకుండా పడి ఉన్నాయి. జమ్ము ఆకుల మీద వేలెడు మందాన బూడిద. ఎక్కడా కప్ప అరుపు లేదు. ఒడ్డున కప్పలు లేకపోలేదు, వరసగా కూర్చునే ఉన్నాయి. అన్నీ మట్టివి.

ఈ దుస్థితికి మూలం మూడేళ్ల వెనక ఉంది. మేచకదేశపు రాజధాని మృణ్మయికి నాలుగు ద్వారాలు, ద్వారానికొక పూలజాడీ. మూరెడు ఎత్తు, సన్నని మెడ, నిండు పొట్ట, పొట్ట చుట్టూ తామరతూళ్ల నగిషీ. ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ బట్టీలో రాయిలా బిగిసేదాకా కాల్చిన మట్టి. దాని మీద వానకు ముందటి మబ్బు రంగులో గాజుపూత. మూడువందల ఏళ్ల కిందట కేదారుడనే ఎడమచేతివాటం కుమ్మరి చేసిన ఆ నాలుగూ ద్వారాల మీద ఉన్నంతకాలం చిత్తడి పొగమంచు కోటగోడ దాటలేదు. ఏటా ఒకసారి రాజపరీక్షకురాలు వాటిని దింపించి, వేలి కణుపుతో మోగించి, "నిజం" అంటే పూలు పెట్టి మళ్లీ ఎక్కించేవారు. "నకిలీ" అంటే అడుగున లక్కముద్ర వేసి పారేసేవారు. ఒకసారి నకిలీ అనిపించుకున్న జాడీ శక్తి ఉడిగిపోతుంది, ఇక కాపలా కాయదు. ఆ మాటను అన్న నోరే వెనక్కి తీసుకోవాలి. రాజుకు కూడా మార్చే అధికారం లేదు.

ఆ ఏడు రాజపరీక్షకురాలు గరుడాంబ దక్షిణద్వారపు జాడీని మోగించింది. ఆగి, మళ్లీ మోగించింది. "నకిలీ" అంది.

"అమ్మా, అది పలికిందే! ఇంకొక్కసారి విను," అన్నాడు పక్కనే ఉన్న ఆమె కొడుకు సుమేధుడు.

"నలభై ఏళ్ల చెవిరా ఇది. నువ్వు నాకు వినడం నేర్పుతావా?" అని గరుడాంబ లక్కముద్ర వేసేసింది. తరవాత మూడు నెలలు కొడుకుతో మాట్లాడలేదు.

సభలో అప్పుడే ఎవరో పిలిచినట్టు గోధుమరంగు గడ్డం వర్తకుడొకడు లేచి, "అసలుది నా దగ్గరుంది," అన్నాడు. గరుడాంబ దాన్ని మోగించి "నిజం" అంది. వాడు దాన్ని ఇచ్చి, పారేసినదాన్ని చంకన పెట్టుకుపోయాడు. ఆ వర్తకుడు చిత్తడి మాంత్రికుడు కపిశమల్లుడని తెలిసేసరికి పొగమంచు దక్షిణవీధిలో సగం మింగింది. అది తాకిన మనిషి కాళ్ల నుంచి పైకి మట్టి అవుతూ పోతాడు. ఈమధ్యే వీధివాళ్లను బయటికి లాగడానికి వెళ్లిన సుమేధుడు ఆరుగురిని లాగాడు. ఏడోసారి తన కాళ్లే రాలేదు.

వీళ్లు బయలుదేరిన నాటికి మట్టి అతని నడుం దాకా వచ్చింది. అతను పచ్చిమట్టి పూస ఒకటి చేసి తరళిక మణికట్టుకు కట్టి, "ఇది తడిగా ఉన్నంతకాలం నేనున్నట్టే," అన్నాడు. పూస ఈ మూడో రోజుకు ముప్పావు వంతు పొడిబారింది.

"అత్తయ్యా," అంది తరళిక గడ వేస్తూ, "వాడి దగ్గరున్నది మీరు పారేసిన జాడీనే. అదే అసలుది."

"అది నకిలీ. నేను నిజమన్న అసలుదాన్ని వాడు తరవాత మార్చి కాజేసి ఎక్కడో దాచి ఉంటాడు. అది తెద్దాం, నా కొడుకు లేచి వస్తాడు. నువ్వు గడ సరిగ్గా వెయ్యి."

"ఒకవేళ..."

"నలభై ఏళ్లలో నా నోట ఒకవేళ అన్న మాట రాలేదు. కోడలి నోట మాత్రం ఎందుకు రావాలి?"

ఇంతలో ఎసరు కాగేటప్పుడు మూత సందులోంచి వచ్చేలాంటి సన్నని ఈల ఒకటి వినిపించింది. తరళిక గడ ఆపింది. "ఆ ఈల ఏమిటత్తయ్యా?"

"ఏ ఈల? శ్మశానంలా ఉంటే!"

ఈల దగ్గరైంది. సరిగ్గా గరుడాంబ వీపు వెనక నీళ్లు ఉబ్బాయి. బురదతో చేసిన మొసలి ఒకటి, దోనెకు మూడింతలుంది, నోరు తెరిచి లేచింది. ఈల దాని గొంతులోంచే వస్తోంది. గరుడాంబ తాపీగా తాంబూలం చుట్టుకుంటూనే ఉంది. తరళిక అత్తగారి కొప్పు పట్టుకుని ఒక్క గుంజు గుంజి పడేసింది. దవడలు ఖాళీ గాలిని కొరికాయి. జాడీలు తుడవడానికి తెచ్చిన బట్టీబూడిద సంచీని తరళిక రెండు చేతులా ఎత్తి ఆ నోట్లోకి కుమ్మరించింది. తడి మట్టిలోకి పొడి బూడిద దిగిందంటే ఏమవుతుందో కుమ్మరి ఇంటి పిల్లలకు కూడా తెలుసు. మొసలి ఒళ్లంతా నెర్రెలు పారింది. తోక రాలింది, తల రాలింది, మిగతాది గుల్లగా మునిగిపోయింది.

గరుడాంబ లేచి కొప్పు సర్దుకుంది. "నన్ను జుట్టు పట్టుకు లాగావు. గుర్తుంచుకుంటాను," అంది. నీళ్ల మీద తేలినదాన్ని వేళ్లతో నలిపి, "బూడిద జల్లెడ పట్టినదేనా?" అని అడిగింది.

ఒడ్డు చేరాక వేషాలు మారాయి. తరళిక పాగా చుట్టి, అత్తగారి సవరం కత్తిరించి చేసిన మీసం అతికించుకుని, తూర్పు దీవుల జాడీల పరీక్షకుడు తరళదత్తుడైంది. పట్టీలు విప్పి నడికట్టులో దోపుకుంది. కపిశమల్లుడు గరుడాంబ ముఖం ఎరుగును గనుక, ఆమె ముఖానికి మసి పూసుకుని, ముసుగు వేసుకుని, మూట మోసే దాసి అయింది.

"వంగి నడవండి అత్తయ్యా."

"నేను పుట్టాక ఎవరికీ వంగలేదు."

"ఏయ్ ముసలీ! వంగు!" అని తరళదత్తుడు గదమాయించాడు. అనవసరంగా మరోసారి కూడా గదమాయించాడు. మూడేళ్లలో తరళికకు దొరికిన సుఖం అదొక్కటే.

కపిశమల్లుడి జాడీల మేడ చిత్తడి మధ్య ఎముకల గుట్టలా తెల్లగా నిలిచి ఉంది. దాని గోడలు గోడలు కావు, అరలు. నేల నుంచి చూపు ఆనని కప్పు దాకా అరల మీద అరలు, వాటిలో జాడీల పక్కన జాడీలు. నెమలికంఠపు నీలివి, ముదురు చింతచిగురు రంగువి, ఎండిన నెత్తురు రంగువి. హంసల మెడలవి, నిండు గర్భిణిలాంటి పొట్టలవి. తీగలు పాకినవి, చేపలు ఈదేవి, ఏనుగులు బారులు తీరినవి. కొన్నింటి పూత మీద కన్నీటి చారల్లాంటి జాలు, కొన్నింటి మీద సాలెగూడంత సన్నని నెర్రెలు. వేయి జాడీలున్నా ఒక్కదానిలోనూ పువ్వు లేదు. ప్రతిదాని మూతా మైనంతో బిగించి ఉంది. చెవి పెట్టి వింటే లోపల ఎవరో నిద్రలో కలవరిస్తున్నట్టు గుసగుస.

కపిశమల్లుడు భుజాన తుడుపుగుడ్డతో ఎదురొచ్చాడు. వేయి జాడీలూ తనే తుడుచుకుంటాడు కాబోలు, నడుం వంగిపోయి ఉంది.

"పరీక్షకుడివా నాయనా? రా, రా. నీలాంటివాళ్ల కోసమే కాచుకుని ఉంటాను. నిజం చెబితే నచ్చిన జాడీ తీసుకుపో. తప్పు చెప్పావా, నీ విద్య నా దగ్గర వదిలిపో." వాడు అరల వైపు చెయ్యి చూపాడు. "ఇందులో ఒకడి చూపుంది. ఆ పచ్చదానిలో ఒకడి వేలి స్పర్శ. అదిగో, ఆ బుల్లి తెల్లదానిలో చెవి. మహా సునిశితమైన చెవి, పాపం! ముందు దీని సంగతి చెప్పు." వాడు నల్లని పొడుగు మెడ జాడీ ఒకటి ముందు పెట్టాడు. "ఎన్నేళ్లది?"

తరళిక చెయ్యి చాచింది. మెడ చేతికి అందేంత అందంగా ఉంది. ఆ క్షణాన ఆమె కుడి మణికట్టు మీద పాత నొప్పి ఒకటి గుర్తొచ్చింది. కాపురానికి వచ్చిన మొదటి ఏడు, జాడీని మెడ పట్టి ఎత్తినప్పుడల్లా గరుడాంబ అక్కడే గరిటెతో కొట్టేది. పదకొండుసార్లు కొట్టింది. తరళిక చెయ్యి వెనక్కి తీసి, ఒక అరచెయ్యి అడుగున, ఒకటి పొట్ట మీద వేసి ఎత్తింది. జాడీ అంచు కింద కన్నంలోంచి చిటికెన వేలంత పాము బాణంలా వచ్చి మెడ చుట్టూ ఉన్న ఖాళీని కాటేసింది. తరళిక జాడీని అలాగే బోర్లించింది. పాము నేల మీద పడింది. దాసి దాన్ని మడమతో నొక్కేసింది.

"పదేళ్లది కూడా కాదు," అంది తరళిక గొంతు బొంగురు చేసి. "పాత నెర్రెల్లో మురికి ఎక్కువ తక్కువలుగా చేరుతుంది. చెయ్యి పడ్డచోట నలుపు, పడనిచోట తెలుపు. ఇక్కడ అంతటా ఒకటే నలుపు. కరక్కాయ కషాయంలో ముంచారు."

"భేష్!" మాంత్రికుడి ముఖం పాలిపోయింది. "దాన్ని నేను మూడువందల ఏళ్లదని ఎనిమిదేళ్లుగా తుడుస్తున్నాను."

అప్పుడు తరళికకు అర్థమైంది. వేయి జాడీలున్న ఈ మనిషికి ఏది మంచిదో ఏది కాదో ఒక్కటీ తెలియదు.

వాడు లోపలికి వెళ్లి, పసిపిల్లల్లా రెండు జాడీలను చెరో చంకనా పెట్టుకొచ్చాడు. మబ్బు రంగు పూత, తామరతూళ్లు. అచ్చుగుద్దినట్టు రెండూ ఒకటే. "దొంగల భయంతో దక్షిణద్వారపు జాడీకి నకలు చేయించాను. చేసినవాడు మరీ పనిమంతుడు. ఇప్పుడేది ఏదో నాకే తెలియడం లేదు. ఏది అసలుది నాయనా?"

తరళిక మోకాళ్ల మీద కూర్చుంది. పూత లేని అడుగును నాలుకతో తాకింది. సరిగ్గా కాలని మట్టి నాలుకకు అంటుకుంటుంది. రెండూ అంటుకోలేదు. అడుగున సారె తిరిగిన సుడి చూసింది. కేదారుడు సారెను ఎదురు తిప్పేవాడు, సుడి ఎడమకు పోవాలి. రెండింటిదీ ఎడమకే పోయింది. ఇక మిగిలింది గరుడాంబ వేసిన లక్కముద్ర. అది కూడా రెండింటికీ ఉంది. పనిమంతుడు నకిలీ అన్న ముద్రను సైతం శ్రద్ధగా నకలు తీశాడు.

అన్నీ దొంగిలించవచ్చు. పలుకు ఒక్కటే దొంగిలించలేరు. తరళిక ఎడమదాన్ని కణుపుతో కొట్టింది. బుమ్మని నిండుగా మోగి ఆగిపోయింది. కుడిదాన్ని కొట్టింది. మొదట ముద్దగా చిన్న చప్పుడు. దాని వెనకే వెండితీగలాంటి సన్నని పలుకు లేచి, పైకి, ఇంకా పైకి పాకి, కప్పు దాకా పోయి, ఎంతసేపటికీ చావలేదు. అరల్లోని గుసగుసలు వింటున్నట్టు ఆగాయి.

వెనక నుంచి దాసి నడుం మీద గిల్లింది. "ఎడమది," అంది గుసగుసగా. "కుడిది చచ్చిన జాడీ. ముద్దగా ఉంది. నేనాడు కాదన్నది అదే."

"దాని వెనక సన్నగా పలికింది కదా?"

"ఏం పలికింది? ఏమీ లేదు."

తరళిక మెల్లగా నడికట్టులోంచి పట్టీ ఒకటి తీసింది. ముసుగు సర్దుతున్నట్టు చెయ్యి చాచి, అత్తగారి చెవి పక్కన తొమ్మిది మువ్వలనూ గలగలలాడించింది. కపిశమల్లుడు ఉలిక్కిపడి చూశాడు. గరుడాంబ రెప్ప కూడా వేయలేదు. కుడి జాడీనే తిరస్కారంగా చూస్తూ నిలబడింది.

నలభై ఏళ్లు బట్టీల హోరులో, దెబ్బ మీద దెబ్బ వింటూ గడిపిన చెవి. లావు చప్పుళ్లను ఉంచుకుని, సన్నవాటిని ఎప్పుడో జారవిడుచుకుంది. మొసలి ఈల, జాడీ పలుకు, కోడలి పట్టీలు. తరళికకు కోపం వస్తే బాగుండేది. రాలేదు. చేతి పూస చూసుకుంది. ఒక్క చుక్క తడి మిగిలింది.

"కుడిదే అసలుది," అంది. "నా బహుమానం అదే."

"కాదు!" దాసి మూట కింద పడేసి నిటారుగా నిలబడింది. "అది నకిలీ! ముద్ర వేసింది నేను! నా మాట కాదనడానికి నువ్వెవతెవే?"

ఆ కేకకు తరళదత్తుడి మీసం ఒక పక్క ఊడి వేలాడింది.

కపిశమల్లుడు ముసుగు కొసను రెండు వేళ్లతో ఎత్తి చూసి, చాలాసేపు నవ్వాడు. "రాజపరీక్షకురాలు గరుడాంబగారా! నా గడప తొక్కారా! ఆనాడు సభలో నువ్వు జాడీని రెండుసార్లు మోగించావు తల్లీ. చెవి బాగున్నవాళ్లు ఒక్కసారే మోగిస్తారు. అప్పుడే అనుకున్నాను, ఇక మృణ్మయి నాదేనని." వాడు కోడలి వైపు తిరిగాడు. "అసలుదేదో చెప్పావు, సంతోషం. తీసుకుపో, ఊరగాయ పెట్టుకో. నకిలీ అన్న నోరు కాదనేదాకా అది ఉత్త కుండే. ఆ నోరు నలభై ఏళ్లలో ఒక్క మాటా వెనక్కి తీసుకోలేదు."

"నా చెవికేం?" అంది గరుడాంబ. కానీ గొంతులో మునుపటి బిగువు లేదు.

మాంత్రికుడు బుల్లి తెల్లజాడీ దించి, మైనం గీకి, మూత తీశాడు.

గరుడాంబ రెండు చేతులతో తల పట్టుకుంది. లోకం ఒక్కసారిగా సూదిమొనలతో ఆమె మీద పడింది. ముసుగు బట్ట రాపిడి. అరల్లో వేయి గొంతుల ఏడుపు. ఎక్కడో నీటిబొట్టు. దగ్గర్లో, చాలా దగ్గర్లో, ఘల్లుఘల్లుమని ఏదో. ఆమె తిరిగి చూసింది. కోడలి చేతిలో ఊగుతున్న పట్టీ.

గరుడాంబ నడిచి వెళ్లి, కుడి జాడీని కణుపుతో ఒక్కసారే కొట్టింది. వెండితీగ లేచింది. అది చల్లారేదాకా కళ్లు మూసుకుని నిలబడింది. కళ్లు తెరిచేసరికి పదేళ్లు పైబడినట్టుంది.

"విన్నావుగా," అన్నాడు కపిశమల్లుడు తేనె పూసిన గొంతుతో. "ఈ చెవి నీదే, ఉంచుకో. నీ పేరూ నీదే. రాజపరీక్షకురాలు పొరపడిందని ఏ వీధిలోనూ ఎవరూ అనుకోరు. నువ్వు చెయ్యాల్సింది ఏమీ లేదు. ఊరుకోవడమే. మాట వెనక్కి తీసుకున్నావా, ఇచ్చినదే కాదు, నీకు మిగిలిన ఆ కాస్త చెవీ ఈ జాడీలోకే పోతుంది. నీ కొడుకు పిలిచినా వినబడదు."

తరళిక మణికట్టు చాచి పూస చూపించింది. దాని మీద తడి ఇప్పుడు ఆవగింజంత ఉంది.

గరుడాంబ పెదవులు కదిలాయి.

"పైకి అనండి అత్తయ్యా."

"అన్నానుగా."

"నాకే వినబడలేదు. జాడీకి ఏం వినబడుతుంది?"

గరుడాంబ ముసుగు తీసేసింది. నిండు సభలో తీర్పు చెప్పేటప్పటిలా జాడీ అడుగున ఒక చెయ్యి, పొట్ట మీద ఒక చెయ్యి వేసి ఎత్తి పట్టుకుంది. "కేదారుడి చేతి జాడీ. దక్షిణద్వారానిది. దీన్ని నకిలీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది నిజం." జాడీని గుండెకు ఆనించుకుంది. "నా కొడుకు చెప్పింది నిజం."

లక్కముద్ర ఎండుటాకులా రాలిపోయింది. ఎవరూ ముట్టకుండానే జాడీ పలికింది. ఆ పలుకుకు అరల మీది జాడీలన్నీ కంపించాయి. మైనం మూతలు ఒక్కొక్కటే టపటపా ఎగిరిపడ్డాయి. కిటికీల అవతల పొగమంచు నిప్పు సోకిన దూదిలా వెనక్కి ముడుచుకుంది. తరళిక చేతి పూసలో తడి ఆవగింజ నుంచి సెనగగింజంత అయింది.

కపిశమల్లుడు గావుకేక పెట్టి తెల్లజాడీ మూత బిగించాడు.

గరుడాంబ అలా నిలబడే ఉంది. చుట్టూ పై అరలు కూలుతున్నాయి, నిలువెత్తు జాడీలు నేల మీద పగిలి పెంకుల వాన కురుస్తోంది. ఆమె మాత్రం నిండు నిశ్శబ్దంలో నిలబడి, పెంకులు గాలిలో లేవడం చూస్తోంది. తరళిక ఒక చేత్తో జాడీని చంకన ఇరికించుకుని, ఒక చేత్తో అత్తగారిని లాక్కుని పరుగెత్తింది. మొదటి ద్వారం వాళ్ల ముందే మూసుకుంది. రెండోదానికి అడ్డంగా బురద ఉబికి మనిషి ఆకారం దాల్చసాగింది. ఎడమకు తిరిగారు. మెట్లు కిందికి దిగాయి. అక్కడ ధాన్యపు గాదెలంత జాడీలు వరసలుగా, చీకటిగా. తరళిక చివరి వరసలో గోడకూ జాడీకీ మధ్య సందులోకి అత్తగారిని తోసి, తానూ దూరి, ఊపిరి బిగబట్టింది.

మెట్ల మీద అడుగులు దిగుతున్నాయి. తుడుపుగుడ్డ నేలకు రాసుకుంటున్న చప్పుడు. "ఎక్కడున్నావు తల్లీ? ఇవన్నీ ఎవరు ఊడుస్తారనుకున్నావు?" కపిశమల్లుడి గొంతు వరస వరస దాటి వస్తోంది. రెండు వరసల అవతల ఆగింది. వెనుదిరగబోయింది.

సందులో ఇరుక్కున్నందువల్ల తరళిక చేతిలోని పట్టీ గరుడాంబ మోకాలికి తగిలింది. ఆమె వంగి దాన్ని తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. పైన పగులుతున్న జాడీల హోరులో ఆ గలగల కలిసిపోయింది. మళ్లీ ఆడించింది. ఏమీ లేదు. మువ్వలను వేలితో ఒక్కొక్కటీ తడిమి లెక్కపెట్టింది. తొమ్మిదీ ఉన్నాయి. తరవాత కోడలి పాదం వెతికి పట్టుకుని, అంత ఇరుకులోనూ వంగి, పట్టీ తొడిగి మర బిగించింది. ఆమె పుట్టాక ఎవరికీ వంగలేదు.

తరళిక అత్తగారి నోటి మీద చెయ్యి పెట్టబోయింది. ఆలస్యమైపోయింది. తన గొంతు తనకే వినబడని మనిషి, తాను గుసగుసలాడుతున్నాననే అనుకుంటూ, మేడ మేడంతా మారుమోగేలా అంది:

"ఈ మూడేళ్లూ నీ కాళ్లకు పట్టీలు ఉన్నాయమ్మా! తప్పు నాదే!"